రింగు పెసరీ, కటి కండరాల ఫిజియోథెరపీ: రెండూ కలిపి వాడిన ఏడాది

ఈ సమీక్ష ఒక వస్తువు గురించి, ఒక సేవ గురించి. వస్తువు, గర్భసంచి, మూత్రాశయం లాంటివి కిందికి జారినప్పుడు ఆసరాగా యోనిలో అమర్చుకునే సిలికాన్ రింగు పెసరీ. సేవ, ఆ అవయవాలను కింద నుంచి మోసే కటి అడుగు కండరాలకు ప్రత్యేకంగా ఇచ్చే ఫిజియోథెరపీ. రెండింటినీ విడివిడిగా సమీక్షించవచ్చు కానీ నేను అలా చేయలేను. ఎందుకంటే రింగు లేకుండా వ్యాయామం చేసిన ఆరు వారాలు, వ్యాయామం లేకుండా రింగుతో నెట్టుకొచ్చిన రెండు నెలలు, ఆ తర్వాత రెండూ కలిసి నడిచిన ఏడాది, ఈ మూడూ నాకు అనుభవమే. మొదటి రెండింటిలోనూ నాకు దక్కింది సగం ఫలితమే. రింగుకు ఐదులో నాలుగు మార్కులు, ఫిజియోథెరపీకి నాలుగున్నర వేస్తాను. ఈ రెండింటినీ రోగికి ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు అందించే పద్ధతికి మాత్రం రెండుకు మించి వేయలేను.

ముందుగా నా సమస్య ఏమిటో చెప్పాలి. మన మాటల్లో దీనంతటికీ ‘గర్భసంచి జారడం’ అన్న ఒక్క పేరే వాడుకలో ఉంది. నిజానికి జారేది గర్భసంచి కావచ్చు, మూత్రాశయం కావచ్చు, వెనుక వైపు పురీషనాళం కావచ్చు, ఒక్కోసారి ఒకటికి మించి కావచ్చు. గర్భసంచి తీసేయించుకున్నవారిలో సైతం యోని పైభాగం కిందికి దిగవచ్చు. నాకు జారింది మూత్రాశయం, అంటే యోని ముందు గోడ. రెండు కాన్పులయ్యాయి, ముట్లు ఆగి నాలుగేళ్లయింది. సాయంత్రమయ్యేసరికి కింద బరువుగా, ఏదో ఉండలాంటిది దిగివస్తున్నట్టుగా ఉండేది, పడుకుంటే తగ్గేది. పరీక్షించిన గైనకాలజిస్టు రెండో దశ అన్నారు. యోని ద్వారం దగ్గరి హైమెన్ (కన్నెపొర) అంచుకు ఒక సెంటీమీటరు పైనుంచి ఒక సెంటీమీటరు కింద దాకా ఉన్న ఆ కొద్ది పరిధిలోకి గోడ దిగివస్తే దాన్ని రెండో దశగా లెక్కిస్తారు. ఆపరేషన్ తొందరేమీ లేదని, ముందు వ్యాయామాలు చేయమని ఒక కరపత్రం ఇచ్చి పంపారు.

ఆ కరపత్రం చూసుకుంటూ ఆరు వారాలు చేశాను. ‘మూత్రం ఆపుకుంటున్నట్టు బిగించండి’ అని అందులో ఉంది. బిగించాననే అనుకున్నాను. నేను చేస్తున్నది బిగించడం కాదని, పొట్టను బిగబట్టి లోపలి అవయవాలను కిందికి తోయడమని చాలా నెలల తర్వాత తెలిసింది. 1948లో అమెరికన్ వైద్యుడు ఆర్నాల్డ్ కీగెల్ ఈ వ్యాయామాల గురించి రాసినప్పుడు, కండరం బిగుస్తోందో లేదో ఒత్తిడిని కొలిచి చూపే పెరినియోమీటరు అనే పరికరాన్ని కూడా వాడారు. కాలక్రమంలో ఆయన పేరు వ్యాయామాలకు మిగిలింది, ఆ కొలిచి చూసే భాగం మాత్రం కరపత్రాల్లో రాలిపోయింది. ఇది నా ఫిర్యాదుల్లో మొదటిది.

ఇక రింగు సంగతి. మందుల దుకాణంలో ఇన్ఫెక్షన్లకు ఇచ్చే యోని మాత్రలను కూడా పెసరీలనే అంటారు కాబట్టి అడిగేటప్పుడు కాస్త వివరంగా చెప్పకపోతే గందరగోళం తప్పదు. నేను చెప్పేది అవయవాలకు ఆసరాగా లోపల ఉండే పరికరం. దీనిలో రకాలు చాలానే ఉన్నాయి. గుండ్రని రింగు, మధ్యలో రంధ్రాలున్న పలుచని పొరతో వచ్చే రింగు, మూత్రనాళం కింద నొక్కడానికి చిన్న బుడిపె ఉన్న రింగు, పళ్లేనికి కాడ తగిలించినట్టుండే గెల్‌హార్న్, ఘనాకారంలో ఉండే క్యూబ్, లావుపాటి చక్రంలాంటి డోనట్. రింగులు ఆసరా ఇచ్చే జాతికి చెందినవి. గెల్‌హార్న్, క్యూబ్, డోనట్ లోపలి ఖాళీని నింపి నిలబడే జాతికి చెందినవి, వీటిని సాధారణంగా జారుడు ఎక్కువగా ఉన్నప్పుడు వాడతారు. ప్రాచీన గ్రీకు వైద్యంలో ఈ పనికి సగం కోసిన దానిమ్మకాయను పెట్టేవారట. వైద్యానికి పనికొచ్చే సిలికాన్ వచ్చిన కాలంలో నాకు ఈ జబ్బు చేసినందుకు సంతోషించాలి కాబోలు.

నాకు ఇచ్చింది పొర ఉన్న రింగు. రెండు వేళ్ల మధ్య మడిస్తే అరచంద్రంలా ఒదుగుతుంది, లోపలికి వెళ్లాక తిరిగి విచ్చుకుంటుంది. దాని ముందు అంచు జఘనాస్థి (పొత్తికడుపు కింద ముందువైపు ఉండే ఎముక) వెనుక, వెనుక అంచు గర్భాశయ ముఖానికి వెనకనున్న ఖాళీలో ఆనుతుంది. మూత్రాశయం మధ్యలోని పొర మీద కూర్చుంటుంది. సరైన సైజు అయితే లోపల ఏదో ఉందన్న స్పృహే ఉండదని చదివాను, అది అక్షరాలా నిజం. సరైన సైజు దొరికే దాకా సాగే తంతు మాత్రం అంత హాయిగా ఉండదు. మొదట మూడో సైజు, అంటే సుమారు 64 మిల్లీమీటర్ల రింగు పెట్టారు. మూడో రోజు ఉదయం మలవిసర్జనకు ముక్కినప్పుడు అది ఊడి పడింది. ఇలా జరగడం అరుదేమీ కాదని, మొదటి సైజు కుదరకపోవడం పరికరం లోపం కాదని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఆ రోజంతా ఏదో ఘోరం జరిగినట్టు కంగారు పడేదాన్ని కాదు. రెండోసారి నాలుగో సైజు, సుమారు 70 మిల్లీమీటర్లది పెట్టారు. రింగుకూ యోని గోడకూ మధ్య ఒక వేలు సులువుగా దూరాలి. దూరకపోతే బిగుతు ఎక్కువై గోడ ఒరుసుకుపోతుంది, మరీ వదులైతే జారిపోతుంది. ఈసారి నన్ను నడవమన్నారు, దగ్గమన్నారు, గొంతుకూర్చుని లేవమన్నారు, మూత్రం పోసి రమ్మన్నారు. ఈ పరీక్షలన్నీ మొదటిసారి చేయలేదు. పెసరీ పెట్టించుకోబోయేవారు దీన్ని గుర్తుంచుకుని, మూత్రం ధారాళంగా వస్తోందో లేదో చూసుకోకుండా ఆ గది నుంచి ఇంటికి బయలుదేరకూడదు.

ఆ రోజు సాయంత్రం బరువు లేదు. ఏడాదిన్నరగా నాతో ఉన్న ఆ ఉండ లేదు. ఈ విషయంలో రింగుకు ఏ మందూ ఏ వ్యాయామమూ సాటి రావు, ఎందుకంటే అది పనిచేయడానికి నెలలు పట్టదు, అమర్చిన గంటలోనే తేడా తెలుస్తుంది. కానీ అది మోయడమే చేస్తుంది, బాగుచేయదు. తీసేస్తే మూత్రాశయం మళ్లీ ఎక్కడికి దిగాలో అక్కడికే దిగుతుంది. పైగా నాకు నాలుగో రోజు నుంచి కొత్త సమస్య మొదలైంది. అంతకు ముందు ఎన్నడూ లేనిది, తుమ్మితే మూత్రం చుక్కలు పడసాగాయి.

దీన్ని గురించి ఎవరూ హెచ్చరించకపోవడం నా రెండో ఫిర్యాదు. తర్వాత నాకు వివరించిన కారణం ఇది. మూత్రాశయం కిందికి దిగినప్పుడు మూత్రనాళం దగ్గర గొట్టం మడతపడినట్టు అవుతుంది. ఆ మడతే అనుకోకుండా మూత్రాన్ని ఆపుతూ ఉంటుంది. రింగు మూత్రాశయాన్ని పైకెత్తగానే మడత పోయి గొట్టం తిన్నగా అవుతుంది, అప్పటిదాకా దాగి ఉన్న కండరాల బలహీనత బయటపడుతుంది. అంటే రింగు ఆ సమస్యను సృష్టించలేదు, ఉన్నదాన్ని చూపించింది. ఆపరేషన్ చేయించుకున్నవారిలోనూ కొందరికి ఇదే జరుగుతుంది. కారణం తెలియని నేను రింగు వల్లే చెడిందనుకుని తీసేయించుకుందామన్న నిర్ణయానికి వచ్చాను. అయితే తీసుకోవడం నాకు రాదు. ‘మూడు నెలల తర్వాత రండి, మేమే తీసి కడిగి పెడతాం’ అన్నారే తప్ప, అది నేను స్వయంగా చేసుకోగలిగిన పనేనన్న మాట అక్కడ ఎవరి నోటా రాలేదు.

ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లింది ఈ మూత్రం చుక్కల కోసమే. తొలి సందర్శన గంటకు పైగా సాగింది. ముందు మాటలు, తర్వాత నా అనుమతి అడిగి వేలితో లోపలి పరీక్ష. బిగించమన్నారు, బిగించాను. ‘మీరు కిందికి తోస్తున్నారు’ అన్నారు. కరపత్రంతో గడిపిన ఆ ఆరు వారాలు నిరుపయోగం కావడమే కాదు, కొంత కీడు కూడా చేసి ఉండవచ్చని ఆ ఒక్క వాక్యంతో అర్థమైంది. కండరాల బలాన్ని సున్నా నుంచి ఐదు దాకా కొలిచే ఆక్స్‌ఫర్డ్ స్కేలు మీద నాది రెండు. అంతేకాక ఎడమ వైపు కండరం అసలు వదులవడం లేదని గుర్తించారు. నేను విన్నంతలో ఈ చికిత్స అంటే బిగించడమే. కానీ వదలడం నేర్పడంలోనే మొదటి రెండు సందర్శనలు గడిచాయి. ఎప్పుడూ బిగుసుకుని ఉండే కండరం అవసరమైనప్పుడు బిగుసుకోవడానికి దానిలో ఇక మిగిలేదేమీ ఉండదు. అలాంటి వారికి కరపత్రంలోని వ్యాయామం నొప్పిని పెంచే అవకాశం ఉంది. రింగు పెట్టేటప్పుడు నొప్పి వస్తోందంటే సైజు కారణం కాకపోవచ్చు, వదలని కండరం కారణం కావచ్చు అన్నది కూడా అక్కడే తెలుసుకున్నాను.

రింగు తీయడం నేర్పింది కూడా ఆమే. ఒక కాలు ఎత్తు మీద పెట్టి, వేలిని జఘనాస్థి వెనక్కి పోనిచ్చి అంచును కొక్కెంలా పట్టుకుని, దగ్గుతున్నట్టు కాస్త తోస్తూ కిందికి లాగాలి. మొదటిసారి ఇరవై నిమిషాలు పట్టింది, చెమటలు పోశాయి. వారం తిరిగేసరికి రెండు నిమిషాల పని అయింది. వేళ్ల నొప్పులున్నవారు అంచుకు దంతాలు తోముకునే పలుచని దారాన్ని కట్టుకుని లాగుతారని చెప్పారు. స్వయంగా తీసి పెట్టుకోవడం ప్రమాదమేమోనన్న భయం నాకూ ఉండేది. బ్రిటన్‌లో 340 మంది స్త్రీలతో జరిపి 2023లో ప్రచురించిన పరిశీలనలో, తామే చూసుకున్నవారికీ ఆసుపత్రికి వెళ్లి మార్పించుకున్నవారికీ పద్దెనిమిది నెలల తర్వాత జీవన నాణ్యతలో తేడా కనిపించలేదు. ఇబ్బందులు మాత్రం తామే చూసుకున్నవారికి తక్కువగా వచ్చాయి. కాబట్టి తీయడం నేర్పకుండా పంపించడాన్ని ఇక జాగ్రత్త పేరుతో సమర్థించలేరు. చేతులు సహకరించని వారు, జ్ఞాపకశక్తి తగ్గినవారు ఉంటారు, వారికి ఆసుపత్రి పద్ధతే మంచిది.

ఇక రెండూ ఎలా కలిసి పనిచేశాయన్నది. కటి అడుగు కండరాలు ఉట్టిలా కింద నుంచి మోస్తుంటాయి. ఉట్టి సాగి, బరువు వేలాడుతున్నప్పుడు దాన్ని బిగించాలంటే చేతికి పట్టు దొరకదు. రింగు లేని రోజుల్లో సాయంత్రం వ్యాయామానికి కూర్చుంటే బిగుసుకున్నది ఏదో, వేలాడుతున్నది ఏదో నాకు తెలిసేది కాదు. రింగు బరువును పైకెత్తాక కండరం కదలిక స్పష్టంగా తెలియసాగింది, ఎడమకూ కుడికీ తేడా కూడా తెలిసింది. ఇంకో లాభం, నడక. కింద బరువని నడక మానేసిన నేను రింగుతో రోజూ అరగంట నడవగలిగాను, దానివల్ల మలబద్ధకం తగ్గింది, ముక్కడం తగ్గింది, ముక్కినప్పుడల్లా కిందికి పడే ఒత్తిడి తగ్గింది. కాళ్ల కింద చిన్న పీట వేసుకుని, ముందుకు వంగి, నోరు కొద్దిగా తెరిచి ఊపిరి వదులుతూ మలవిసర్జన చేయడం నేర్పారు. రింగు ఊడిపోకుండా ఉండటానికి సైజుతో పాటు ఇది కూడా కారణమని నా నమ్మకం.

వ్యాయామం చూడటానికి చిన్నదే. రోజుకు మూడు పూటలు, పూటకు ఎనిమిది బిగింపులు, మొదట నాలుగు లెక్కల సేపు, పోను పోను పది. ప్రతి బిగింపు తర్వాత దానంత సేపు పూర్తిగా వదలడం. చివర్లో కొన్ని చురుకైన బిగింపులు. రోజులో ఒక పూట రింగు తీసి చేయమన్నారు, కండరం రింగు మీద ఆధారపడకుండా తన బరువు తాను మోయడం అలవాటు కావాలని. తుమ్ము రాబోయే ముందు క్షణంలో కండరాన్ని బిగించి పట్టుకునే మెళకువ అన్నిటికన్నా ముందు ఫలించింది. చెప్పుకుంటే ఇంతే కదా అనిపిస్తుంది గానీ, తుమ్ముకన్నా ముందు గుర్తుకు రావడం అలవాటు కావడానికి నాకు ఐదు వారాలు పట్టింది. మూడో నెల చివరికి చుక్కలు దాదాపు ఆగిపోయాయి.

ఇది నా ఒక్కదాని అనుభవమే కాబట్టి పరిశోధనలు చెప్పేదీ చూశాను. అవి ఒకే పాట పాడవు. హాంకాంగ్‌లో 276 మందితో జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో అందరికీ కటి కండరాల వ్యాయామాలు నేర్పి, సగం మందికి పెసరీ కూడా ఇచ్చారు. ఏడాది తర్వాత జారుడు లక్షణాలు, జీవన నాణ్యత రెండూ పెసరీ ఉన్నవారిలో ఎక్కువగా మెరుగుపడ్డాయి. వ్యాయామం ఒక్కటే చాలా అన్న ప్రశ్నకు బ్రిటన్, న్యూజీలాండ్, ఆస్ట్రేలియాల్లో 447 మందితో జరిగి 2014లో వెలువడిన మరో అధ్యయనం జవాబిచ్చింది. ఒక్కొక్కరికీ విడిగా నేర్పిన వ్యాయామం వల్ల ఏడాదికి లక్షణాలు తగ్గాయి. అయితే జారుడు కాకుండా దగ్గితే తుమ్మితే మూత్రం పడటం ఒక్కటే సమస్య అయినవారి విషయంలో లెక్క మారుతుంది. 446 మందితో జరిగిన 2010 నాటి అమెరికా అధ్యయనంలో, పన్నెండు నెలలు గడిచేసరికి రెండూ కలిపి వాడినవారు ఏదో ఒక్కటే వాడినవారికన్నా మెరుగ్గా ఏమీ లేరు. కాబట్టి ‘రెండూ కలిపితే రెట్టింపు’ అని నేను చెప్పను. జారుడుతో బరువు, ఉండ ఉన్నవారికి ఈ జోడింపు విలువైనది; చుక్కలు మాత్రమే సమస్య అయితే మంచి ఫిజియోథెరపిస్టుతో మొదలుపెట్టి, రింగు అవసరమో కాదో తర్వాత చూసుకోవచ్చు.

లోపాలు దాచను. తెల్లబట్ట పెరుగుతుంది, ఒక్కోసారి వాసన వస్తుంది. రాత్రి తీసి, సబ్బు లేదా మామూలు నీటితో కడిగి, ఉదయం పెట్టుకోవడం మొదలుపెట్టాక నాకు ఇది చాలావరకు తగ్గింది. ఏడో నెలలో బట్టకు రక్తపు మరక కనిపించింది. పరీక్షిస్తే రింగు అంచు ఒరుసుకున్న చోట చిన్న పుండు ఉంది. ముట్లు ఆగినవారిలో యోని గోడ పలుచబడి ఉంటుంది కాబట్టి ఇలా అవుతుంది. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను ఉన్న క్రీము రాసి, రెండు వారాలు రింగు లేకుండా ఉండమన్నారు. ఆ క్రీము అందరికీ సరిపడదు, ముఖ్యంగా రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు వైద్యులతో మాట్లాడకుండా వాడకూడదు. ముట్లు ఆగాక కనిపించే రక్తాన్ని రింగు ఖాతాలో వేసి ఊరుకోకూడదు, దానికి వేరే కారణం లేదని తేల్చుకోవాలి. రింగు ఉందన్న సంగతే మరిచిపోయి ఏళ్ల తరబడి వదిలేసిన సందర్భాల్లో అది గోడలోకి దిగబడటం, మూత్రాశయానికో పురీషనాళానికో దారి పడటం వైద్యులు చూసిన విషయాలే. అరుదే అయినా, పెట్టించుకున్న తేదీ ఇంట్లో మరొకరికి కూడా తెలిసి ఉండటం మంచిది.

ఆ రెండు వారాల విరామం నాకు అనుకోని పరీక్ష అయింది. రింగు లేకపోయినా మధ్యాహ్నం దాకా బరువు తెలియలేదు, తుమ్మినా చుక్క పడలేదు. ఫిజియోథెరపిస్టు లెక్క ప్రకారం కండరాల బలం మూడు దాటింది. గైనకాలజిస్టు కొలిస్తే జారుడు మాత్రం ఇంకా రెండో దశే. గోడ ఎక్కడుందో అక్కడే ఉంది, నేను దాన్ని మోస్తున్న తీరు మారింది. జారుడు పూర్తిగా వెనక్కి పోతుందన్న ఆశతో మొదలుపెట్టేవారు నిరాశపడతారు. యోని ద్వారం బాగా వెడల్పయినవారికి, కాన్పులో కండరం ఎముక నుంచి ఊడివచ్చినవారికి రింగు నిలవకపోవచ్చు. వారికి ఇతర రకాలో ఆపరేషనో అవసరం కావచ్చు. దాంపత్య జీవితానికి రింగు అడ్డు కాదని, ఉంచుకునైనా తీసేసైనా ఉండవచ్చని చెప్పారు. తీసేయడమే నాకు సుఖంగా ఉంది. గెల్‌హార్న్, క్యూబ్‌లతో మాత్రం తీయక తప్పదు.

ఇన్ని నెలల్లో గైనకాలజిస్టు, ఫిజియోథెరపిస్టు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది లేదు. ఒకరి కాగితం మరొకరికి మోసుకెళ్లింది నేనే. మొదటి ఆసుపత్రిలో ఫిజియోథెరపీ ఊసే లేదు. ఫిజియోథెరపిస్టేమో రింగు సైజు రాసిన కాగితం అడిగితే నా దగ్గర లేదు, ఎందుకంటే నాకది ఇవ్వలేదు. ఆ తర్వాత ఒక చిన్న పుస్తకం పెట్టుకున్నాను. రింగు రకం, సైజు, పెట్టిన తేదీ, తీసి చూపించాల్సిన తేదీ, కండరాల బలం, రక్తం కనిపించిన రోజులు అందులో రాసుకుంటున్నాను. ప్రస్తుతం ఎక్కువసేపు నిలబడాల్సిన రోజుల్లోనే రింగు పెట్టుకుంటున్నాను, వారానికి మూడు రోజులకు మించడం లేదు. వ్యాయామం మాత్రం మూడు పూటలూ సాగుతోంది. వచ్చే పరీక్షలో ఒక సైజు తగ్గించి చూద్దామని ఇద్దరూ విడివిడిగా అన్నారు. ఒకరు అన్నట్టు మరొకరికి నేనే చెప్పాను.